ముట్టుకుంటే ఉలికిపడే దూడలు

ఆగస్టు 11

ఈ ఏటి మొదటి దూడ ఇవాళ పుట్టింది. 88 నంబరు ఆవు, మలిచూలు. వాగు అవతలి పచ్చికలో ఒంటరిగా ఈనింది. నేనూ మా పశువుల కాపరి విల్మారూ గుర్రాల మీద వెళ్లేసరికి దూడను నాకుతూ ఉంది. నాకిన ప్రతిసారీ దూడ కర్రలా బిగుసుకుపోతోంది, నాలుగు కాళ్లూ చాచి, మెడ వెనక్కి విరిచి. నాకడం ఆపితే కాసేపటికి వదులవుతుంది. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. నన్ను చూసింది. తల్లి పొదుగు వైపు చూసింది.

"చలికి కొయ్యబారిందేమో అమ్మగారూ," అన్నాడు విల్మార్.

నేను వంగి దాని చెవి దగ్గర ఒక్కసారి చప్పట్లు కొట్టాను. మళ్లీ బిగుసుకుంది, ఈసారి ఇంకా గట్టిగా. ఎందుకు కొట్టానో నాకే తెలియదు. విల్మార్ నా వైపు చూశాడు.

మధ్యాహ్నం దాకా ఆగాం. లేవలేదు. విల్మార్‌ను దాని పని ముగించమని చెప్పి ఇంటికి వచ్చేశాను. మంద పుస్తకంలో "చచ్చి పుట్టింది" అని రాశాను. నాన్న కూడా ఇలాంటివి అలాగే రాసేవాడు.

ఆగస్టు 12

వాన. పొద్దుటినుంచి మాతే ఆకుల టీ తాగుతూ కూర్చున్నాను.

ఆగస్టు 19

ఇంకొకటి. 131, తొలిచూలు ఆవు. పొద్దున ఆరింటినుంచి నొప్పులు పడుతూ ఉంటే విల్మార్ తాడు వేసి లాగాడు. కోడెదూడ, మంచి బరువు, నుదుట తెల్ల మచ్చ, కొమ్ముల ఆనవాలే లేని గుండ్రటి తల. అచ్చం మా ఆబోతు సెరెనోలా ఉంది. బయట పడగానే బాగానే ఊపిరి తీసింది. గోనెపట్టాతో తుడవబోతే బిగుసుకుపోయింది.

ముర్రుపాలు పిండి సీసాతో పట్టాను. రబ్బరు ముక్క నోటికి తగలగానే ఒళ్లంతా వణికి బిగుస్తుంది, తర్వాత మింగుతుంది. ఆకలి ఉంది. ఆకలి ఉన్న దూడకు జబ్బేమిటి?

మియో-మియో తిని ఉంటాయి. వాగు గట్టున ఆ విషపు మొక్క ఈ ఏడు విపరీతంగా పెరిగింది. ఆ మాటే విల్మార్‌తో అన్నాను.

"మన ఆవులు పుట్టినప్పట్నించీ దాన్ని చూస్తున్నాయి కదమ్మా, మూతి కూడా పెట్టవు," అన్నాడు. "బయటనించి కొనుక్కొచ్చినవైతే తిని చస్తాయి."

అయినా పీకించమన్నాను. రెండు రోజులు పడుతుందట. పట్టనీ.

ఆగస్టు 21

పీకించాను. ఇద్దరు కూలీలు, విల్మార్, నేను. నడుం పోయింది.

131 దూడ నిన్న పోయింది. పుస్తకంలో: చచ్చి పుట్టింది.

ఆగస్టు 27

మూడోది. దీన్నీ విల్మారే లాగాడు. పక్కనే నిలబడి అతని చేతులు చూస్తూ ఉన్నాను. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న చేతులు. ఇవాళ మోటుగా అనిపించాయి. మెడ పట్టుకుని తిప్పినప్పుడు వెన్ను దెబ్బ తిని ఉండవచ్చు. వెన్నుకు దెబ్బ తగిలితే కాళ్లు బిగుసుకోవా? తప్పకుండా బిగుసుకుంటాయి.

చేతులు కడుక్కుంటూ విల్మార్, "ఒక్క మాటమ్మా. మూడూ సెరెనో దూడలే," అన్నాడు.

"అన్నీ సెరెనో దూడలే కదయ్యా. గెంతుతున్న పద్నాలుగూ ఎవరివి?"

"అదేనమ్మా నాకూ అర్థం కానిది."

సెరెనో పేరు ఈ తాలూకా అంతటికీ తెలుసు. సెరెనో అంటే ప్రశాంతుడు, పేరుకు తగ్గట్టు శాంతమూర్తి. ముక్కుతాడు లేకుండా నా వెనకాలే నడిచి వస్తాడు. నాన్న ప్రాణంలా పెంచిన ఆబోతు పత్రియార్కాకు మనవడు. నా ఆవుల్లో సగానికి పైగా ఆ పత్రియార్కా మనవరాళ్లే. నలభై ఏళ్ల కష్టం. సెరెనో కొడుకులు ఆరుగురు అక్టోబరు వేలానికి వెళ్లబోతున్నారు. విల్మార్ అనాల్సిన మాటేనా అది?

ఆగస్టు 30

ఉప్పురాళ్ల కోసం సహకార సంఘం కొట్టుకు వెళ్లాను. దూడలు పోతున్నాయట కదా అని ఎవరో అడిగారు. ఎవరు చెప్పారో. కౌంటరు దగ్గర నలుగురు ఉన్నారు. "విల్మార్ చెయ్యి బరువైంది. లాగేటప్పుడు వెన్ను విరుస్తున్నాడు," అన్నాను. నా నోటినుంచి అలా వచ్చింది. అన్న తర్వాత అది నిజమే అనిపించింది. పుల్పేరియా సారాకొట్టు దగ్గర ఆగి ఒక గ్లాసు తాగాను, మామూలుగా ఆగను.

సెప్టెంబరు 2

విల్మార్ వెళ్లిపోయాడు.

పొద్దున కొట్టం గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"కొట్లో నా గురించి ఏదో అన్నారటమ్మా."

"ఉన్న మాటే అన్నాను."

"88 దూడను ఎవరు లాగారమ్మగారూ?"

"నాకు గుర్తులేదు," అన్నాను.

అతను జీను భుజాన వేసుకుని నడుచుకుంటూ పోయాడు. గుర్రం ఎక్కలేదు, గుర్రం నాది కాబట్టి.

నిజంగానే గుర్తులేదు. ఇన్ని ఈతల్లో ఏది ఎలా పుట్టిందో ఎవరికి గుర్తుంటుంది?

సెప్టెంబరు 4

నిశ్శబ్దంగా ఉంది ఇల్లు. నాలుగోది కూడా అలాగే పుట్టింది. కొత్తగా వచ్చిన కూలీ లాగాడు. వాడికి పని రాదు.

సెప్టెంబరు 6

కంచె అవతలి ఒలిండా పొద్దున్నే ముసలి గుర్రం మీద వచ్చింది. అరవై ఆరేళ్ల మనిషి, భర్త పోయాక ముప్పై ఆవులతో ఒక్కతే నెట్టుకొస్తోంది. పోయిన నవంబరు చివర సెరెనోను రెండు వారాలు ఆమె పచ్చికలో వదిలాను, ఉట్టినే, స్నేహం కొద్దీ.

"ఎల్మిరా, నా ఇంట్లో ఒక వింత పుట్టిందే," అంది గుర్రం దిగకుండానే. "పెయ్యదూడ. అందంగా ఉంది. చెయ్యి వేస్తే చాలు చెక్కలా అయిపోతోంది. తలుపు చప్పుడైనా అంతే. నీకెప్పుడైనా ఇలాంటివి పుట్టాయా?"

లేదు అన్నాను.

"సరే, పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మంగళవారం వస్తానంది. నువ్వూ రా. నాకు ఆవిడ మాటలు సగం అర్థం కావు."

ఎందుకు లేదన్నాను? ఆమెను భయపెట్టడం ఇష్టంలేక. అంతే.

సెప్టెంబరు 9

డాక్టర్ జిసెలాకు ముప్పై ఏళ్లుంటాయేమో. బూట్లకు బురద అంటితే పట్టించుకోని పిల్ల. ఒలిండా కొట్టంలో గడ్డి మీద పడుకున్న దూడ ముక్కు మీద వేలితో మెల్లగా తట్టింది. దూడ ఎగిరిపడి బిగుసుకుంది. మళ్లీ తట్టింది. మళ్లీ అంతే. ఒకసారి మెల్లగా చప్పట్లు కొట్టింది. నేను తల తిప్పుకున్నాను.

"దీన్ని చదువుకున్నానే గానీ కళ్లారా చూడ్డం ఇదే మొదలు," అంది. "ఒలిండమ్మా, మీ వెనకనించి ఎవరైనా పళ్లెం పడేస్తే మీరేం చేస్తారు?"

"వాళ్లని తిడతాను."

"దానికి ముందు?"

"ఉలిక్కిపడతాను."

"పడి, వెంటనే సర్దుకుంటారు. వెన్నుపాములో కండకి కదులు అని చెప్పే నరం ఒకటుంటుంది. చాల్లే, ఆగు అని చెప్పే నరం ఇంకోటి. ఆ ఆగమనే మాటని మోసుకెళ్లేది గ్లైసిన్ అని చిన్న రసాయనం. ఈ దూడలో అది ఉంది. దాన్ని అందుకునే చోటే లేదు. చెప్పేవాడు చెప్తూనే ఉన్నాడు, వినేవాడు లేడు. అందుకే ఈగ వాలినా ఒళ్లంతా ఒకేసారి బిగుసుకుపోతుంది."

"మరి దాని బుర్ర?" అంది ఒలిండా.

"శుభ్రంగా ఉంది. ఆకలి తెలుసు. తల్లి తెలుసు. మీరూ తెలుసు."

లాగేటప్పుడు దెబ్బ తగిలి ఇలా అవుతుందా అని అడిగాను. కాదంది. విషపు మొక్క? కాదంది. పిడుగు, నీళ్లు, పక్క సోయా చేలో కొట్టే మందు, అన్నీ అడిగాను. ఒలిండా నన్ను విచిత్రంగా చూసింది.

"ఇది రక్తంలో వచ్చేదండీ. తండ్రి ఒక్కడి దగ్గరే ఉంటే రాదు, తల్లి దగ్గర కూడా ఉండాలి. అవి రెండూ చూడ్డానికి నిక్షేపంలా ఉంటాయి. అలాంటి జంటకి పుట్టిన నాలుగింట్లో ఒకటి ఇలా అవుతుంది. తండ్రెవరు?"

"సెరెనో," అంది ఒలిండా.

"తల్లి?"

"దీని అమ్మమ్మని వీళ్ల నాన్న దగ్గరే కొన్నాం."

డాక్టర్ నా వైపు తిరిగింది. సెరెనో తోక వెంట్రుకలు కుదుళ్లతో సహా ముప్పై పీకి పంపితే పరీక్ష చేస్తారట. సెరెనో వాగు అవతల ఉన్నాడు, నీళ్లు పొంగి తను దాటలేనందువల్ల కవరు నా చేతికిచ్చింది. "మీ మందలో ఇలాంటివి పుట్టాయా అండీ?" అని అడిగింది.

చచ్చి పుట్టినవి కొన్ని ఉన్నాయి, ఏటా ఉండేవే అన్నాను.

సెప్టెంబరు 11

కవరు పంపాను. ముప్పై వెంట్రుకలు, కుదుళ్లతో. కవరు మీద సెరెనో అని స్పష్టంగా రాశాను. వాగు ఇంకా తగ్గలేదు, అటు వైపు ఎవరూ పోలేకపోతున్నారు.

సెప్టెంబరు 15

ఏమీ లేదు.

సెప్టెంబరు 18

ఏమీ లేదు. వేలం కోసం ఆరు కోడెలకూ తాడు అలవాటు చేస్తున్నాను. విల్మార్ ఉంటే నాలుగు రోజుల పని. ఒకటి నా కాలు తొక్కింది.

సెప్టెంబరు 30

రిపోర్టు వచ్చింది. సెరెనో శుభ్రం. దోషం లేదు. డాక్టర్ ఫోనులో, "నాకేం అర్థం కావట్లేదండీ. నేనే పొరబడ్డానేమో. ఒలిండమ్మకి కూడా చెప్పేశాను, ఇది రక్త దోషం కాదని," అంది. గొంతులో సిగ్గు. ఓదార్చాను కూడా. చిన్న వయసు, నేర్చుకుంటుంది అన్నాను.

హాయిగా అనిపించింది. సెరెనో దగ్గరికి వెళ్లి మెడ నిమిరాను. శుభ్రం అని వాడికీ చెప్పాను.

అక్టోబరు 3

62 ఈనింది. నేనే పక్కనుండి చూశాను. తాడు లేదు, లాగడం లేదు, చెయ్యే వేయలేదు. నీళ్లలోంచి చేప జారినట్టు జారింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. తల్లి నాకింది. బిగుసుకుపోయింది.

రిపోర్టులో శుభ్రం అని ఉంది. మరి ఇదేమిటి? సెరెనో శుభ్రమైతే ఇది ఎక్కడినుంచి వచ్చింది? ఎంత ఆలోచించినా తెగడం లేదు. గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడికే వస్తున్నాను. ప్రయోగశాల వాళ్లు తప్పు చేసి ఉంటారు. కానీ వాళ్లు తప్పు చేశారని నేను ఎలా అనగలను?

అక్టోబరు 8

ఒలిండా ఇంటికి వెళ్లాను. నెలరోజులుగా వెళ్లలేదు. గేటు దగ్గరే ఎదురొచ్చి నోటి మీద వేలు పెట్టింది. కాళ్లకు చెప్పులు లేవు. నన్నూ బూట్లు విప్పమని సైగ చేసింది. కుక్కను వాగు దగ్గర కట్టేసింది. తలుపు బందులకు కొవ్వు పూసింది. రేకుల మీద వాన చప్పుడు కాకుండా గొర్రెతోళ్లు పరిచింది.

దూడ బతికే ఉంది.

దూలానికి గోనెసంచులు ఉయ్యాలలా కట్టి అందులో నిలబెట్టింది. గిట్టలు నేలకు ఆనీ ఆనకుండా ఉన్నాయి. ఒలిండా గుసగుసగా మాట్లాడుతుంటే దాని చెవులు ఆమె వైపే తిరిగాయి.

"దీని పేరు మన్సీతా. ముట్టుకునే ముందు పేరు పిలవాలి. తెలిసి ముట్టుకుంటే కాస్త తక్కువ బిగుస్తుంది. చూడు," అంది. పిలిచి, చెయ్యి వేసింది. బిగుసుకుంది. "తక్కువే కదా?"

నాకు తేడా కనిపించలేదు.

"పూటకి రెండు సార్లు కాళ్లు వంచి చాపిస్తున్నాను. మోకాళ్ల దగ్గర పుళ్లు పడ్డాయి గానీ మానతాయిలే. డాక్టరమ్మ చెప్పింది కదా రక్తంలో దోషం కాదని. అంటే ఏదో ఒక రోజు నయమయ్యేదేనన్నమాట. ఆ రిపోర్టు అలా రాకపోయుంటే అప్పుడే దీని బాధ తీర్చేసేదాన్ని. నీకు పుణ్యముంటుందే ఎల్మిరా."

ఆమె అరికాళ్లు పగిలి నెత్తురు కారుతోంది. మాతే ఇవ్వబోయింది. పనుందని వచ్చేశాను. బూట్లు చేత్తోనే పట్టుకుని కంచె దాకా నడిచాను.

అక్టోబరు 9

ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా రాయడానికి పొద్దుటినుంచి చెయ్యి రావడం లేదు.

కవరులో పెట్టినవి నీళ్లపీపా లాగే ముసలి ఎద్దు తోక వెంట్రుకలు.

వాగు సెప్టెంబరు పదవ తేదీకే తగ్గింది. తాడు పట్టుకుని సెరెనో దగ్గరికి వెళ్లాను కూడా. వాడు తోక ఊపుతూ నిలబడ్డాడు. తిరిగి వస్తూ దారిలో ఎద్దును చూశాను. అప్పుడు ఏమనుకున్నానో నిజంగా గుర్తు చేసుకోలేకపోతున్నాను. ఏమీ అనుకోలేదనిపిస్తుంది. చెయ్యి పని చేసింది, నేను పక్కన నిలబడి ఉన్నాను. రిపోర్టు వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం నటన కాదు. దాన్నే నమ్మలేకపోతున్నాను.

ఇంకొకటి. అప్పుడు నాకు ఏడేళ్లు. కొట్టం వెనక గడ్డిలో ఒక దూడ పడుకుని ఉంది. చప్పట్లు కొడితే బొమ్మలా బిగుసుకుంటోంది. మళ్లీ మళ్లీ కొట్టాను. నవ్వాను. నాన్న వచ్చి చెంప మీద కొట్టాడు. జీవితంలో ఆ ఒక్కసారే కొట్టాడు. దూడను ఎత్తుకుని పోయాడు. ఆ తర్వాత అది చచ్చి పుట్టిందని అమ్మతో చెప్పడం విన్నాను. నేను ఏమీ అడగలేదు. యాభై ఏళ్లు ఏమీ అడగలేదు. నాన్నకు దాని పేరు తెలిసి ఉండదు. కానీ తెలుసు.

నాకూ తెలుసు. 88 దగ్గరే తెలుసు.

అక్టోబరు 10

సెరెనో తోకనుంచి, ఆరు కోడెల తోకలనుంచి ముప్పై చొప్పున వెంట్రుకలు పీకాను. సెరెనో కదలకుండా నిలబడ్డాడు. డాక్టర్ దగ్గరికి స్వయంగా తీసుకెళ్లి, మొదటి కవరు సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కుర్చీలో కూర్చుని, "పది రోజులుగా నాకేమీ రాదనుకుంటున్నానండీ," అంది. అంతే.

అక్టోబరు 11

ఒలిండాకు చెప్పాను. ఆమె పెరట్లో, గుసగుసగా. గుసగుసగా చెప్పడం వల్ల ఇంకా నీచంగా ఉంది.

"నెల రోజులనించి చెప్పులేసుకోలేదే నేను," అంది.

క్షమించమన్నాను.

"నన్నెందుకడుగుతావ్, దాన్నడుగు." లోపలికి నడిచింది. "రా. నా చేత చేయించకు. నువ్వే చెయ్యి. నేను తల పట్టుకుంటాను."

ఆమె ముందు పేరు పిలిచింది. తర్వాత తలను ఒడిలోకి తీసుకుంది. దూడ బిగుసుకుని, మెల్లగా వదులైంది. కళ్లు ఆమె మీదే. నేను నా పని చేశాను. తుపాకీ చప్పుడుకు అది ఉలికిపడలేదు.

ఒలిండా లేచి, గోడ దగ్గరున్న చెప్పులు తొడుక్కుంది. రేకు తలుపును ధడేల్మని వేసింది. ఇంకోసారి తెరిచి ఇంకోసారి వేసింది.

అక్టోబరు 21

కొత్త రిపోర్టు వచ్చింది. సెరెనోలో దోషం ఉంది. ఆరు కోడెల్లో మూడింటికి ఉంది.

అక్టోబరు 23

సెరెనోను కబేళాకు పంపాను. లారీ పలక మీద నా వెనకాలే నడిచి ఎక్కాడు. దిగింది మాత్రం నేనొక్కదాన్నే.

అక్టోబరు 26

వేలం. తేకపోతే నా వంతు పిలవరని తెచ్చిన కోడెల్ని పొద్దున దింపుతుంటే గేట్ల దగ్గర విల్మార్ కనిపించాడు. రోజు కూలీకి పశువుల్ని లోపలికీ బయటికీ తోలుతున్నాడు. ఈతలకు ఈ ఏడు అతన్ని ఎవరూ పిలవలేదని కొట్టు అతను చెప్పాడు. పిలవరు కదా. నా మాట అక్కడ చెల్లుతుంది.

నా వంతు వచ్చినప్పుడు వేలం పాడే అతన్ని మైకు అడిగాను. నాలుగు మాటలు చెప్పుకుంటానేమో అని నవ్వుతూ ఇచ్చాడు. రాసుకెళ్లిన కాగితం జేబులోనే ఉండిపోయింది. ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. నా కోడెలు ఇవాళ అమ్మడం లేదని చెప్పాను. నా మంద రక్తంలో దోషం ఉందని, దూడలు ముట్టుకుంటే బిగుసుకుని చస్తున్నాయని, నాన్న కాలంనుంచీ ఉందని, దాచానని చెప్పాను. నా దగ్గర కొన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాలని చెప్పాను. "విల్మార్ తెచేరా చేతుల్లో ఏ తప్పూ లేదు. మొదటి దూడను అతను లాగనే లేదు. నాకు తెలిసే అబద్ధం చెప్పాను." ఇది మాత్రం రెండుసార్లు చెప్పాను, మైకు గరగరలాడింది కాబట్టి.

ఎవరో దగ్గారు. మైకు తిరిగి ఇచ్చేశాను.

ఇక ఈ తాలూకాలో నా మొహం ఎవరూ చూడరనుకుంటూ గేటు వైపు నడిచాను. పెద్ద పశువుల ఆసామి దోన్ రుఫీనో నా పక్కనే నడుస్తున్నట్టు కాసేపటికి గాని గమనించలేదు. నా వైపు చూడకుండా, ఎటో కొట్టాల వైపు చూస్తూ, "ఆ వెంట్రుకలు ఎక్కడికి పంపాలమ్మా?" అన్నాడు.

చెప్పాను.

"కుదుళ్లతోనా?"

"కుదుళ్లతోనే."

టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. కాఫీ దుకాణం దగ్గర ఇంకొకాయన అడిగాడు. లారీ దగ్గర ఇద్దరన్నదమ్ములు, వేరువేరుగా వచ్చి, ఒకడు అడిగినట్టు ఇంకొకడికి తెలియకుండా. చిరునామా రాసిచ్చి రాసిచ్చి నా ప్రసంగం కాగితం చిన్న ముక్కలైపోయింది. వీళ్లందరి పుస్తకాల్లోనూ చచ్చి పుట్టినవి ఎన్ని ఉన్నాయో.

కోడెల్ని తిరిగి ఎక్కించింది విల్మారే. నేను సాయం పట్టబోతే, "తొక్కుతాయి, పక్కకుండండి," అన్నాడు. ఆరూ ఎక్కాక గడియ వేసి, రెండుసార్లు లాగి చూశాడు.

"విల్మార్."

"విన్నానమ్మా. అందరూ విన్నారు."

"నీ గది అలాగే ఉంది."

"నేను రాను." కోపంగా అనలేదు. ఎండగా ఉంది అన్నట్టు అన్నాడు.

"సరే."

అతను తాడు చుట్టుకుంటూ ఉన్నాడు. డ్రైవరు ఇంజను వేశాడు. నేను పైకెక్కి తలుపు వేసుకున్నాక కిటికీ దగ్గరికి వచ్చాడు.

"117 ఇంకా ఈనలేదు కదూ. దానికి కటి ఇరుకు. పోయినేడు కూడా దూడ అడ్డం తిరిగింది. కష్టమైతే కబురు పెట్టండి, వచ్చి లాగేసి పోతాను."

లారీ కదిలింది. దారంతా ఆలోచించాను. 117కు నొప్పులొస్తే కబురు పెట్టాలో, పెట్టకూడదో తెలియడం లేదు. ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. పొదుగు దిగింది. రేపో ఎల్లుండో.